పొగకు సున్నంనీళ్ళు

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే బస్సులో కండక్టరు మా స్టాపు పేరు ఎన్నడూ సరిగా పలకలేదు. “గబ్బు ఫ్యాక్టరీ దిగేటోళ్ళు రాండప్పా, గబ్బు ఫ్యాక్టరీ!” అని అరిచేవాడు. దిగేది నేనొక్కదాన్నే. చేతిలో టిఫిను క్యారియరు, భుజానికి సంచి, గంజి పెట్టిన నూలుచీర. బస్సులో సగంమంది మెడలు తిప్పి, ఆ గబ్బు నా కొంగులోంచి వస్తున్నట్టు చూసేవాళ్ళు. “దాన్ని పోగొట్టనీకే పోతాండానయ్యా” అని నోటిదాకా వచ్చేది. ఇంకా పోగొట్టలేదు గనుక మింగేసి దిగేదాన్ని.

అది సూపర్ ఎరువు చేసే చిన్న ఫ్యాక్టరీ. గంధకాన్ని కాల్చి, ఆ పొగను గంధకామ్లంగా మార్చి, ఆ ఆమ్లాన్ని ఫాస్ఫేటు రాతిపొడిలో కలిపితే ఎరువు తయారవుతుంది. అయితే కాల్చిన గంధకమంతా ఆమ్లం కాదు. మారకుండా మిగిలింది పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. మామూలు రోజుల్లో అది సన్నగా పోయేది. ప్లాంటు ఆపి మళ్ళీ మొదలుపెట్టిన రోజుల్లో మాత్రం తెల్లగా, బరువుగా దొర్లుకుంటూ నేలమీదికి దిగేది. గొంతులో పడితే లోపల అగ్గిపుల్ల గీసినట్టుండేది.

నేను అక్కడ కెమిస్టును. డెబ్బైల్లో నంద్యాలలో డిగ్రీ, తర్వాత తిరుపతిలో ఎమ్మెస్సీ చేసి, ఎనభైల మొదట్లో ఆ ఉద్యోగంలో చేరాను. మా నాయన క్రైస్తవ మిషను బడిలో టీచరు. నన్నూ టీచరమ్మను చేయాలని ఆయన ఆశ. నేను ఫ్యాక్టరీ అన్నాను. ఆయన మాట్లాడలేదు గానీ మా అమ్మ ఊరుకోలేదు. ఆ పొగ తగిలిన నూలుచీర ఉతికితే చాలు, సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు తేలేవి. అమ్మ చీరను వెలుతురుకు పట్టి చూసి, “నువ్వు ఉద్యోగానికి పోతాండావా, చీరలు జల్లెడ పట్టనీకి పోతాండావా?” అని అడిగేది.

ఫ్యాక్టరీ గోడకు ఆనుకొని ఒక అవ్వ చేను. మొగుడు పోయినాక ఒంటరిగా సేద్యం చేసుకుంటా ఉండేది. సొరపాదు, గుమ్మడి, చిక్కుడు వేసి ఆళ్ళగడ్డ సంతలో అమ్మేది. నేను చేరిన వారంలోనే ఆమె నా గదిలోకి నేరుగా వచ్చి, కొంగులోంచి ఒక సొరాకు తీసి బల్లమీద పడేసింది. ఈనెలు పచ్చగానే ఉన్నాయి. ఈనెల మధ్య ఆకంతా వెలిసిపోయి, ఎండిన కాగితంలాగా ఉంది.

“సూడు పాపా. నిన్న పచ్చగుండె. ఈపొద్దు సూడు. నీ పొగే.”

“నా పొగ కాదవ్వా. ఫ్యాక్టరీ పొగ.”

“ఫ్యాక్టరీలో కూర్చున్నేది నువ్వే గదా? ఆ ఓనరు నా కంటికి కనపడడు. నువ్వు కనపడ్తాండావ్.”

ఆమె మర్నాడూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. ఒకరోజు చిక్కుడాకు, ఒకరోజు గుమ్మడాకు. నా బల్లమీద రిపోర్టుల కంటే ఆకులు ఎక్కువయ్యాయి.

ఓనరు ఆళ్ళగడ్డ దగ్గరి పల్లెలో పెద్ద సేద్యగాళ్ళ కుటుంబంవాడు. తండ్రి పోయినాక, భూములు తమ్ముళ్ళకు అప్పజెప్పి ఫ్యాక్టరీ పెట్టాడు. అందరూ అన్నా అనేవాళ్ళు. నేనొక్కదాన్నే సార్ అనేదాన్ని. అది ఆయనకు మహా ఇష్టం. ఇష్టమైతే ఏం లాభం, మాట మాత్రం వినేవాడు కాదు. నేను ఆకులన్నీ గుడ్డలో కట్టుకొని పోయి ఆయన ముందు పరిచాను.

“సార్, పొగను బయటికి వదిలేముందు కడగాల. ఒక టవరు కట్టి, పైనుంచి సున్నంనీళ్ళు పోయిస్తే, కిందినుంచి వచ్చే పొగలో ఉండే ఆమ్లమంతా సున్నం పట్టుకుంటుంది.”

“గాలిని కడుగుతావామ్మా? గాలేమన్నా గుడ్డనా?”

“కడుపులో మంటయితే సోడా తాగరా సార్? అదే లెక్క.”

ఆయన పడీపడీ నవ్వాడు. “పొగగొట్టానికి కడుపుమంటనా! బాగుందిమ్మా. చూస్తాంలే.”

మా సీమలో “చూస్తాంలే” అంటే ఏమిటో తెలియనివాళ్ళు లేరు. నేను మళ్ళీ పోయాను. మళ్ళీ చూస్తామన్నాడు. వానలు పోయాక ఒకరోజు ఉత్సాహంగా పిలిపించి, “నీ మాట విన్నానమ్మా. పొగగొట్టం ఎత్తు పెంచుతాండాం” అన్నాడు. నేను ఆ మాట ఎన్నడూ అనలేదు. పెంచారు. పొగ అవ్వ చేను దాటి, అవతలి పల్లెలో బడిమీద పడింది. పిల్లోళ్ళు దగ్గుతున్నారని ఆ ఊరివాళ్ళు గేటు దగ్గరికొచ్చి కేకలేశారు. “ఇంకొంచెం ఎత్తు చేస్తే సరి” అన్నాడాయన. ఇట్లా పెంచుకుంటూ పోతే చివరికి పొగ ఏ ఊరిమీద పడాలని మీ ఉద్దేశమని అడిగాను. ఆయన గోడమీది క్యాలెండరు వైపు చూశాడు.

ఇదంతా జరుగుతుండగానే ఆయనకు తండ్రి విగ్రహం పెట్టాలని బుద్ధి పుట్టింది. ఆళ్ళగడ్డలో శిల్పులకు కొదవ లేదు. రోడ్డు పక్క షెడ్లలో ఉలిదెబ్బలు ఎప్పుడూ వినపడుతూనే ఉంటాయి. అక్కడొక శిల్పికి పని అప్పజెప్పి, తండ్రి జీవితమంతా తెల్లబట్టలే కట్టాడని, తెల్ల చలువరాయిలోనే చెక్కాలని పట్టుబట్టాడు. విగ్రహం బాగా వచ్చింది. తలపాగా, మెలితిప్పిన మీసం, చేతిలో కర్ర. ఫ్యాక్టరీ గేటు లోపల దిమ్మె కట్టి నిలబెట్టారు. దండలు వేశారు, మైకులో మాట్లాడారు, నాకూ ఒక లడ్డు ఇచ్చారు. ఆ దిమ్మె ఎక్కడుందో చూసి నాకు తల తిరిగింది. పడమటి గాలి వీస్తే పొగ దిగేది సరిగ్గా అక్కడికే.

“సార్, దీన్నీడ పెట్టొద్దు. చలువరాయి కూడా సున్నపురాయి జాతే. ఆమ్లం తగిలితే కరుగుతుంది.”

“రాయి కరిగేదేందమ్మా!” అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను లడ్డు తిని నా గదికి పోయాను.

ఏడాది తిరక్కముందే మెరుపు పోయింది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకునేది. ఆ మీద ఒక వానాకాలం గడిచేసరికి మీసం కొసలు మొద్దుబారాయి, తలపాగా మడతలు చెరిగాయి, ముక్కు పక్క గుంటలు పడ్డాయి. ఓనరు ఒకరోజు దండ వేస్తూ ముఖంలోకి చూసి అట్లే నిలబడిపోయాడు. తర్వాత కోపం వచ్చింది. శిల్పి నాసిరకం రాయి అంటగట్టాడని నిర్ధారించుకున్నాడు.

“నువ్వు రామ్మా. నువ్వు చదివినదానివి. రాయి మంచిది కాదని వాని ముఖం మీద చెప్పాల.”

జీపులో ఆళ్ళగడ్డ పోయాం. నేను సంచిలో నీళ్ళు కలిపిన ఆమ్లం సీసా ఒకటి పెట్టుకున్నాను. శిల్పి అరవై దాటిన మనిషి, నోరు గట్టిది. జీపు దిగీ దిగకముందే ఇద్దరూ మొదలుపెట్టారు.

“ఏమప్పా, మా నాయనకు ఉప్పురాయి పెట్టినావా?”

“ఉప్పురాయా? నల్లరాయి పెట్టుకో అని నీకు ఎన్నిసార్లు చెప్పినా? తెల్లదే కావాలంటివి. ఇప్పుడొచ్చి నన్నడిగితే?”

“నీ పని చెడ్డది.”

“నా పనిని అనొద్దు. నేను చెక్కిన తెల్లరాయి దేవుండ్లు ఎన్ని ఊర్లలో ఉండాయో పోయి సూసి రా. యాడన్నా ముఖం కారిందా?”

పక్క షెడ్లలో ఉలిదెబ్బలు ఆగిపోయాయి. జనం చేరుతున్నారు. నాకు ఇద్దరి మీదా విసుగు వచ్చింది. కింద పడివున్న చలువరాతి పెచ్చు ఒకటి, నల్లరాతి పెచ్చు ఒకటి ఏరి, అరుగుమీద పక్కపక్కన పెట్టి, సీసాలోంచి చుక్క చుక్క వేశాను. నల్లరాయి మీద చుక్క ఊరకే కూర్చుంది. చలువరాయి మీద చుయ్యిమని నురగ పొంగింది. ఓనరు వంగి చూశాడు.

“రాయి మంచిదే సార్. మన పొగే తినింది. ఆడ పెట్టొద్దని ఆ పొద్దే చెప్పినా.”

ఆయన ఆ నురగ చల్లారేదాకా చూశాడు. “మా నాయన ముఖాన్ని నేనే…” అని ఆపేశాడు. తిరిగొచ్చేటప్పుడు జీపులో, “ఆ టవరేందో కట్టిచ్చుమ్మా” అన్నాడు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండింది. అవ్వ పాదులు మాడినప్పుడు లేదు, బడిపిల్లలు దగ్గినప్పుడు లేదు, నా గొంతు బొంగురుపోయినప్పుడు లేదు. మీసం కొసలు అరిగితే మాత్రం టవరు వచ్చింది. ఇంటికి పోయి మా నాయనతో అదే అన్నాను. “వచ్చింది గదా. ఎందుకొచ్చిందో అడిగి మళ్ళా పోగొట్టుకోకు” అన్నాడు.

టవరు కట్టాం. ఇటుకతో గుండ్రంగా కట్టి, లోపల ఆమ్లానికి తట్టుకునే పెంకులు తాపి, నంద్యాల కోతమిల్లు నుంచి తెచ్చిన చెక్కపట్టీలు అడ్డంగా అంచెలంచెలుగా పేర్చాం. పైనుంచి పంపు సున్నంనీళ్ళు చల్లుతుంది. అవి పట్టీల మీద పారుతూ దిగుతుంటే, కిందినుంచి పొగ వాటి మధ్యగా ఎక్కుతుంది. మొదటిరోజు నేను గొట్టం వైపు చూస్తూ మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. తెల్లటి దొర్లుడు సన్నబడింది, చివరికి లేత ఆవిరి మాత్రం మిగిలింది. ఎవరికీ చెప్పకుండా నా గదిలోకి పోయి కూర్చొని ఏడ్చాను.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. పాణ్యం వైపునుంచి వచ్చే బట్టీ సున్నం ఒక లోడు బాగుంటే ఒక లోడు సగం కాలని రాయి. వాన పడితే లారీలోనే తడిసి, పొంగి, చల్లారి, సత్తువ లేని పిండి అయ్యేది. గంధకం పొగ, సున్నం కలిసి తయారయ్యే పదార్థం చెక్కపట్టీల మీద రాయిలా గట్టిపడి దారి మూసేసేది. జల్లు పడే గొట్టాల చిల్లులు పూడిపోయేవి. ఆపి, సుత్తితో కొట్టి, మళ్ళీ మొదలుపెట్టడమే నా బతుకైంది. వీటన్నిటినీ మించినవాడు పంపు ఆపరేటరు. నేను అటు పోగానే పంపు ఆపేసి బీడీ ముట్టించేవాడు.

“ఏమప్పా, పంపు ఎందుకాపినావ్?”

“రొంత రెస్టు ఇచ్చినా మేడమ్. పాపం పొద్దున్నుంచీ తిరుగుతాంది.”

“పంపుకు రెస్టెందుకు?”

“ఎద్దుకైనా ఇస్తాం గదా మేడమ్.”

అతనితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. చివరికి అవ్వే గెలిచింది. పంపు ఆగిన వాసన ఆమెకు అందరికంటే ముందు తెలిసేది. గోడ అవతలినుంచి అతని తల్లిని, తాతను తలుచుకుంటూ మొదలుపెట్టేది. రెండు మాటలు పడేసరికి పంపు తిరిగేది.

బేతంచెర్లలో నాపరాయి పాలిష్ పట్టేచోట మెత్తటి రాతిపొడి గుట్టలుగా పారబోస్తారు. అదీ సున్నపురాయే. సున్నమంత చురుగ్గా పనిచేయదు గానీ వానకు చెడిపోదు. దాన్ని తెప్పించి సున్నంతో కలిపి వాడి చూశాను. గొట్టాలు పూడడం తగ్గింది, వానాకాలం గట్టెక్కింది. ఓనరు పరమానందపడ్డాడు. పారేసే బూడిదలాంటి దాంతో పొగ కడుగుతున్నామని ఊరూరా చెప్పుకున్నాడు. కొన్నాళ్ళకు, “నేనే కనిపెట్టినా” అనడం మొదలుపెట్టాడు. నా ఎదుటే అన్నాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను.

అవ్వ ఆకులు తేవడం ఎప్పుడో మానేసింది. ఒక మంచిమాట వినాలని నేనే చేను దగ్గరికి పోయాను. సొరకాయలు పందిరి నిండా వేలాడుతున్నాయి.

“ఏమవ్వా, రావడమే మానేసినావ్?”

“ఎందుకు రావాల? ఆకు పచ్చగుందని కూడా తెచ్చి సూపిచ్చాల్నా?” అంది. మళ్ళీ కలుపు తీసుకుంటూ, “మీ తెల్లబురద నా కాలవలోకి వస్తాంది. అది సూడు ముందు” అంది. నిజమే, టవరు కిందినుంచి వచ్చే బురద కట్ట తెంచుకొని ఆమె కాలవలోకి పారుతోంది. గుంత తవ్వించి, గట్లు వేయించేదాకా ఆమె నన్ను వదల్లేదు.

ఇక అసలు తలనొప్పి. కడప నుంచి, అనంతపురం నుంచి ఎరువుల డీలర్లను పిలిచి ఓనరు ఫ్యాక్టరీ చూపించాలనుకున్నాడు. గేటు పక్క షామియానా, భోజనాలకు వంటవాళ్ళు, కుర్చీలు. డీలర్లు కార్లు దిగారు. అందులో అనంతపురం పెద్దమనిషి ఒకాయన పొగగొట్టం వైపు చేయి అడ్డం పెట్టుకొని చూసి, “ఏమన్నా, ఫ్యాక్టరీ నడవడం లేదే?” అన్నాడు.

“నడుస్తాంది కదా.”

“పొగ యాడుంది మరి?”

ఓనరు ముఖం మాడిపోయింది. నన్ను పక్కకు పిలిచాడు. “అమ్మా, కాసేపు ఆ పంపు ఆపు. పొగ రానీ.”

నా చెవులను నేను నమ్మలేదు. “సార్, పొగ లేకుండా చేయనీకే కదా ఇన్నాళ్ళు చచ్చింది?”

“ఎరువులోళ్ళకు ఈ సంగతులన్నీ ఏం తెల్సు? పొగ కనపడితేనే నడుస్తాందనుకుంటారు. రొంతసేపే.”

“నేను ఆపను సార్.”

“నువ్వాపొద్దులే” అని ఆపరేటరు వైపు చేయి ఊపాడు. ఆ మహానుభావుడు పంపుకు రెస్టు ఇవ్వడానికి ఎప్పుడూ సిద్ధమే. నేను టవరు దగ్గరికి పరిగెత్తేసరికి పంపు ఆగింది. అడ్డం నిలబడి తిట్టాను. “అన్న చెప్పినాక నేనేం చేసేది మేడమ్” అన్నాడు.

పొగ వచ్చింది. తెల్లగా, దిట్టంగా, అందరికీ కనపడేటట్టు వచ్చింది. డీలర్లు తలలాడించారు. విస్తళ్ళు వేశారు. సరిగ్గా బొరుగుల ఉగ్గాని, బజ్జీలు వడ్డించే వేళకు పడమటి గాలి తిరిగింది. గొట్టం ఎత్తు పెంచినా ఆ రోజు పొగ ఎక్కడికీ పోలేదు, నేరుగా షామియానాలోకి దిగింది. మొదట ఒకాయన దగ్గాడు. తర్వాత అందరూ. కళ్ళు తుడుచుకుంటూ, కండువాలు ముక్కులకు అదుముకొని, కుర్చీలు తన్నుకుంటూ రోడ్డుమీదికి పరిగెత్తారు. అనంతపురం పెద్దమనిషి ఎంగిలి చేత్తోనే కారెక్కాడు. ఓనరు వాళ్ళ వెంట, “అయిపోయింది, ఆపేస్తాండాం, రాండప్పా!” అని దగ్గుతూ పరిగెత్తుతున్నాడు. నేను పోయి పంపు స్విచ్చి వేశాను. ఆపరేటరు నన్ను ఆపలేదు. అతనూ నీళ్ళతొట్టి దగ్గర కూర్చొని ముఖం కడుక్కుంటున్నాడు.

సాయంత్రం ఓనరు నా గదికొచ్చాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బల్ల ఎదుట కుర్చీలో కూర్చున్నాడు. ఆయన నా గదిలో కూర్చోవడం అదే మొదలు.

“ఇంత ఘాటు ఉంటాదామ్మా?”

“ఉంటాది సార్.”

“అవ్వకు, ఆ బడి పిల్లోళ్ళకు గూడా ఇట్లే ఉండెనా?”

“ఇట్లే.”

ఇన్నేళ్ళుగా ఫ్యాక్టరీ నడిపిన మనిషి ఎప్పుడూ పొగ రాని దిక్కున, తన గదిలోనే కూర్చున్నాడని నాకు అప్పుడు తట్టింది. ఆయన గది కట్టించుకున్నదే అటు. ఆ తర్వాత పంపు ఆపమని ఎన్నడూ అనలేదు. కరెంటు పోతే నడవడానికి డీజిలు ఇంజను కూడా నేను అడక్కముందే పెట్టించాడు. డీలర్లలో సగంమంది మళ్ళీ వచ్చారు, ఎరువు మంచిది కాబట్టి.

నేను ఎనభైల చివరిదాకా అక్కడే పనిచేశాను. నంద్యాలలో మాత్రం నేనేం ఉద్యోగం చేస్తున్నానో ఎవరికీ అర్థం కాలేదు. మా అమ్మ చర్చిలో ఆడవాళ్ళకు, “మా పాపది సున్నం పని” అని చెప్పేది. దానితో క్రిస్మస్ ముందర ఒక సంఘపెద్ద మా ఇంటికొచ్చి, “మందిరానికి వెల్ల వేయాల పాపా. మీ ఫ్యాక్టరీలో సున్నం గుంతల్లో పోస్తాండారంట. ఒక బండెడు ఇప్పిచ్చు” అన్నాడు.

“అది సున్నం కాదు పెదనాయనా. పొగను పట్టుకొని చచ్చిన సున్నం. గోడకు అంటదు.”

“తెల్లగ ఉంది గదా?”

“తెల్లగ ఉంటే సరిపోతాదా?”

“నువ్వు మరీ చదువుకున్నావులే” అని ఆయన ఓనరు దగ్గరికే పోయాడు. ఓనరు దేవుని పని కదా అని బండి నిండా ఎత్తించి పంపాడు. వెల్ల వేశారు. పండగనాడు ఆరాధన ముగిసి జనం బయటికొస్తుంటే, గోడలకు ఆనుకొని కూర్చున్నవాళ్ళందరి కొత్తబట్టల వీపులు తెల్లగా ఉన్నాయి. సంఘపెద్ద తన నల్లకోటు దులుపుకుంటూ నా దగ్గరికొచ్చి, “ఏంది పాపా, మీ సున్నం ఇట్లుంది?” అని అడిగాడు.